మిద్దె తోటలో ముందు వేరును కాపాడండి, ఆకు సంగతి తర్వాత

మీరు చెప్పిన పరిస్థితి ఇది: హైదరాబాద్‌లో రెండంతస్తుల ఇంటి మిద్దె, పడమర వైపు ఏ అడ్డూ లేదు. 12 అంగుళాల నల్ల గ్రోబ్యాగులు (మొక్కలు పెంచే సంచులు) 35, అన్నీ నేరుగా స్లాబు మీదే. మార్చిలో 75 శాతం ఎండను ఆపే గ్రీన్ నెట్ కట్టారు. అయినా ఏప్రిల్‌లో టమాటా పూత రాలింది, మిరప ఆకు ముడుచుకుంది. మే మొదట్లో గాలివానకు నెట్ చిరిగి పైపు వంగింది. జులై ముసురులో కాపు మీదున్న వంగ మొక్కలు ఐదు వాడిపోయి చనిపోయాయి. వచ్చే ఏడాదికి ఏం మార్చాలన్నది మీ ప్రశ్న.

చూడ్డానికి ఇవి వేర్వేరు కష్టాలే. కానీ ఎక్కువ భాగం గ్రోబ్యాగులోనే మొదలయ్యాయి. నెట్ మీద పెట్టిన ఖర్చులో సగం బ్యాగు మీద పెట్టి ఉంటే ఇంత నష్టం జరిగేది కాదు. అందుకని వరస మార్చి, కింది నుంచి పైకి చెబుతాను.

నేలలో మొక్క వేరు అడుగు లోతుకు దిగితే, రోహిణి కార్తె మధ్యాహ్నం కూడా అక్కడ చల్లగానే ఉంటుంది. బ్యాగుకు ఆ అదృష్టం లేదు. పైనుంచి ఎండ, పక్కల నుంచి ఎండ, అడుగు నుంచి స్లాబు వేడి. మే నెలలో మధ్యాహ్నం రెండింటికి కాంక్రీటు పైభాగం 55 డిగ్రీలు దాటడం మామూలే. నల్ల బ్యాగుకు పడమటి వైపు, అంచు నుంచి రెండంగుళాల మట్టి బాగా కాలుతుంది. మట్టి 40 డిగ్రీలకు చేరితే అక్కడున్న పీచువేళ్లు చచ్చిపోతాయి. నీళ్లు పీల్చేది ఆ పీచువేళ్లే. అవి పోయాక మీరు ఎన్ని నీళ్లు పోసినా మొక్క తాగలేదు. పైకి మాత్రం నీరు చాలనట్టు కనిపిస్తుంది. మనం ఇంకా పోస్తాం, మట్టి ముద్దవుతుంది, మిగిలిన వేళ్లు కుళ్లుతాయి. మీ వంగ మొక్కలు చనిపోయింది జులైలోనే అయినా, వేళ్లకు దెబ్బ ఏప్రిల్, మే నెలల్లోనే తగిలి ఉండాలి.

అనుమానం ఉంటే కొలిచి చూడండి. వంటకు వాడే, గుచ్చి చూసే థర్మామీటర్ చాలు. మధ్యాహ్నం మూడింటికి బ్యాగు పడమటి అంచు నుంచి రెండంగుళాల లోపల, నాలుగంగుళాల లోతున గుచ్చండి. 32 లోపు ఉంటే నిశ్చింత. 35 దాటితే పని మొదలుపెట్టాలి. 38 దాటితే ఆ రోజే ఏదో ఒక అడ్డు పెట్టాలి.

మొదటి పని బ్యాగు సైజు. 12 అంగుళాల వెడల్పు, 12 అంగుళాల ఎత్తు ఉన్న బ్యాగులో పట్టేది సుమారు 22 లీటర్ల మట్టి. 15కి 15 అయితే 43 లీటర్లు, అంటే దాదాపు రెట్టింపు. 18కి 18 అయితే 75 లీటర్లు. మట్టి ఎక్కువైన కొద్దీ నెమ్మదిగా వేడెక్కుతుంది, నెమ్మదిగా ఆరుతుంది. టమాటా, వంగ, మిరపకు 15 అంగుళాలకు తగ్గకండి. బీర, సొర, కాకర లాంటి తీగలకు 18 అంగుళాలవి కావాలి. ఉన్న 12 అంగుళాల బ్యాగులు పారేయనక్కర్లేదు, తోటకూర, గోంగూర, పాలకూర, మెంతికి సరిగ్గా సరిపోతాయి. కొత్తవి కొనేటప్పుడు బయటి వైపు తెల్లగా ఉన్నవి తీసుకోండి.

ఇక్కడ బరువు సంగతి చెప్పకుండా ముందుకు పోకూడదు. తడిసిన 15 అంగుళాల బ్యాగు 45 నుంచి 50 కిలోలు తూగుతుంది. మనుషులు ఎక్కి తిరిగే మిద్దెలకు మన నిర్మాణ ప్రమాణాల్లో చదరపు మీటరుకు 150 కిలోల అదనపు బరువును లెక్కలోకి తీసుకుంటారు. అంటే చదరపు మీటరుకు మూడు బ్యాగులకు మించి గుంపుగా పెట్టకూడదు, స్లాబు నడిమధ్యన అసలు పేర్చకూడదు. గోడల మీదుగా, బీములున్న వరసలోనే పెట్టండి. ఇల్లు పాతదైతే ముందు ఒక ఇంజనీరుకు చూపించండి.

రెండో పని, బ్యాగును స్లాబు నుంచి లేపడం. ఆరు అంగుళాల ఇనుప స్టాండు ఉంటే మంచిది, లేకపోతే బ్యాగుకు నాలుగు ఇటుకల చొప్పున పెట్టినా చాలు. అడుగున గాలి ఆడాలి, అదే అసలు ఉద్దేశం. వానాకాలంలో నీరు సులువుగా జారిపోవడానికీ ఇదే పనికొస్తుంది. మూడో పని, పడమర, దక్షిణం వైపు బ్యాగులకు గోనెసంచి చుట్టడం. ఒక పొర చాలు, పురికొసతో కట్టేయండి. గోనెను తడపాల్సిన పని లేదు, తడిపితే ఇంకా మంచిది. ఎండాకాలం వరకు బ్యాగులను, చదరపు మీటరుకు మూడు దాటకుండా, రెండు మూడు వరసల్లో వీలైనంత దగ్గరగా జరిపి, బయటి వరసలో గోంగూర, బచ్చలి లాంటి మొండి మొక్కలు, లోపలి వరసలో మిరప, వంగ పెట్టండి. ఒకదాని నీడ ఇంకొకదాని బ్యాగు మీద పడుతుంది. ఖర్చు లేని ఉపాయం, ఫలితం బాగా కనిపిస్తుంది. స్లాబుకు తెల్లటి కూల్ రూఫ్ పెయింటు వేయించగలిగితే ఇంట్లోవాళ్లకూ హాయి, మొక్కలకూ హాయి. తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ విధానం తెచ్చింది ఇళ్లలో వేడి తగ్గించడానికే.

ఇక మట్టి మీద కప్పు. ఎండుటాకులు, వరిగడ్డి, చెరకు పిప్పి, ఏది దొరికితే అది రెండు మూడు అంగుళాల మందం. మొక్క మొదలుకు మాత్రం రెండంగుళాల ఖాళీ వదలాలి. తడి గడ్డి కాండానికి ఆనుకుంటే మొదలు కుళ్లుతుంది. ఈ కప్పు ఫిబ్రవరి మధ్యలోనే వేసేయండి. వేసవి ఏప్రిల్‌లో కదా వస్తుందని ఆగకండి. 1901 నుంచి ఉన్న లెక్కల్లో దేశం మొత్తమ్మీద పగటి వేడి అన్నిటికంటే ఎక్కువగా నమోదైన ఫిబ్రవరి 2023లోది. తేదీని చూసి చేసే తోటపనికి ఇప్పుడు కాలం కలిసిరావడం లేదు.

నెట్ సంగతి

75 శాతం నెట్ కూరగాయలకు పనికిరాదు. అది కారు మీద వేసుకోవడానికి, కూర్చునే చోట నీడకు. మూడొంతుల వెలుతురు ఆపేస్తే టమాటా, మిరప సన్నగా పొడుగ్గా సాగి పూత తగ్గిస్తాయి. కాయకూరలకు 35 శాతం, ఆకుకూరలకూ నారుకూ 50 శాతం. 35 దొరక్కపోతే 50 శాతమే తీసుకుని, తూర్పు వైపు పూర్తిగా వదిలేసి, నడినెత్తిన, పడమర వైపు మాత్రమే కట్టండి. ఉదయం ఎండ మొక్కకు అన్నం లాంటిది. దాన్ని ఆపకూడదు. ఆపాల్సింది పదకొండున్నర నుంచి నాలుగున్నర దాకా ఉండే ఎండ. రంగు విషయానికి వస్తే, తెలుపు దొరికితే తెలుపే మంచిది, వేడిని వెనక్కి కొడుతుంది. నల్లది తానే వేడెక్కి ఆ వేడిని కిందికి వదులుతుంది. మొక్క కొసకు, నెట్‌కు మధ్య కనీసం మూడడుగులు ఉండాలి, అంటే నెట్ ఎత్తు ఏడున్నర, ఎనిమిది అడుగులు. తక్కువ ఎత్తులో కడితే దాని కింద వేడి గాలి నిలిచిపోయి, పైనకంటే లోపలే ఎక్కువ ఉడుకుతుంది.

గాలికి పైపు వంగడానికి కారణం పైపు సన్నదని మీరు రాశారు. అసలు తప్పు నెట్‌ను నాలుగు వైపులా బిగించి కట్టేయడంలో ఉంది. గంటకు 60 కిలోమీటర్ల గాలి తనకు అడ్డంగా నిలబడ్డ తెరను చదరపు మీటరుకు సుమారు 17 కిలోల బలంతో నెడుతుంది. గాలి 90కి చేరితే ఆ బలం 38 కిలోలు. వేగం ఒకటిన్నర రెట్లు పెరిగితే తోపు రెండింతల పైనే పెరుగుతుంది. నెట్‌కు రంధ్రాలు ఉంటాయి కాబట్టి కొంత తగ్గినా, పదడుగుల పడమటి తెర మీద వందకు పైగా కిలోల బలం పడ్డట్టే. దాన్ని ఆపాలని చూడకూడదు, తప్పుకునేలా కట్టాలి.

ఎలాగంటే, నిటారు పైపులు ఒకటిన్నర అంగుళం జీఐవి (జింకు పూత ఉన్న ఇనుపవి), ఎనిమిది నుంచి పదడుగులకు ఒకటి. స్లాబుకు రంధ్రం పెట్టించకండి, రెండేళ్లలో కింద గదిలో చెమ్మ దిగుతుంది. ఖాళీ 20 లీటర్ల పెయింటు బకెట్‌లో పైపు నిలబెట్టి కాంక్రీటు పోయండి. ఒక్కో బకెట్ 45 కిలోల పైనే తూగుతుంది. దీన్నీ స్లాబు బరువు లెక్కలో కలుపుకోండి, పిట్టగోడ పక్కనే పెట్టండి. పైన పైపులను అడ్డంగా ఒకదానికొకటి బిగించి చట్రం చేయాలి, విడివిడిగా నిలబెడితే ఒక్కొక్కటీ పడిపోతుంది. చట్రం మీద 12 గేజీ జీఐ తీగలు నాలుగడుగుల దూరంలో లాగి, నెట్‌ను ఆ తీగలకు కర్టెన్ రింగులతో వేలాడదీయండి. ఒక అంచు మాత్రమే గట్టిగా కట్టాలి. రెండో అంచు తాడుతో, ఒక్క లాగుకు విడిపోయే ముడి. ఆకాశం నల్లబడ్డప్పుడు రెండు నిమిషాల్లో కర్టెన్‌లా పక్కకు తోసి కట్టేయొచ్చు. నెట్ అంచును రెండు మడతలు వేసి కుట్టించండి, చిరుగు మొదలయ్యేది ఎప్పుడూ ఒంటి మడత అంచులోనే. నెట్ కట్టడానికి వాడే తెల్ల ప్లాస్టిక్ ట్యాగులు ఒక్క ఎండాకాలానికే పెళుసుబారి విరుగుతాయి, నల్లవి కొంత ఎక్కువ కాలం ఉంటాయి.

వడగళ్ల సంగతి వేరు. ఏప్రిల్, మేలో వడగళ్లు పడితే ఆకుకూరలు నిమిషాల్లో తూట్లు పడతాయి. గాలి లేకుండా వడగళ్లు మాత్రమే పడే వాన మన దగ్గర అరుదు గనక, పెద్ద నెట్ తీసేసి, ఆకుకూరల బ్యాగుల మీద మాత్రం రెండడుగుల ఎత్తున వంచిన పైపు విల్లుల మీద చిన్న నెట్ ముక్క కప్పితే సరిపోతుంది. తక్కువ ఎత్తులో గాలి పట్టు తక్కువ.

నెట్ ఎప్పుడు తీయాలి? ఇక్కడే చాలామంది తప్పు చేస్తున్నారు. మృగశిర వచ్చాక, రెండు మంచి వానలు పడి, పగటి వేడి 35 లోపుకు దిగిన వెంటనే పూర్తిగా తీసి మడిచి లోపల పెట్టేయాలి. ముసురు రోజుల్లో మబ్బే నెట్. దాని కింద ఇంకో నెట్ ఉంటే ఆకు తడి ఆరదు, తెగుళ్లు వచ్చి కూర్చుంటాయి. 2025లో నైరుతి మామూలుగా జూన్ 1కి రావాల్సింది మే 24నే కేరళను తాకింది. అలాంటి ఏడాది జూన్ దాకా నెట్ ఉంచుకుంటే నష్టమే.

పూత ఎందుకు రాలింది

టమాటాకు పగలు 35, రాత్రి 24 డిగ్రీలు దాటితే పుప్పొడి చెడిపోతుంది. పువ్వు పూస్తుంది, కాయ కట్టదు, కాడ దగ్గర పసుపుబారి రాలిపోతుంది. పగటి వేడిని నెట్ కొంత తగ్గిస్తుంది గానీ రాత్రి వేడిని ఏమీ చేయలేదు. పగలంతా కాలిన స్లాబు రాత్రంతా వేడి వదులుతూనే ఉంటుంది. అందుకే నెట్ కట్టినా మీ పూత నిలవలేదు. దీనికి మందు లేదు, కాలం మార్చుకోవడమే దారి. హైదరాబాద్‌లో టమాటా నారు ఆగస్టులో పోసి సెప్టెంబరులో నాటితే నవంబరు నుంచి కాపు. రెండో విడత అక్టోబరు చివర నారు పోస్తే జనవరి నుంచి మార్చి చివరి దాకా తెంపుకోవచ్చు. ఏప్రిల్ మొదటి వారానికి టమాటా తీసేయండి, మనసు రాకపోయినా తీసేయండి. ఆ బ్యాగుల్లో బెండ, గోరుచిక్కుడు, గోంగూర వేసుకుంటే ఎండను లెక్కచేయవు. ఏప్రిల్‌లో మిగిలిన కాయలు ఎర్రబడకుండా పసుపు, నారింజ రంగులో ఆగిపోతే అదీ వేడి వల్లే, 30 డిగ్రీలు దాటితే ఎర్రరంగు సరిగా ఏర్పడదు. దోరగా ఉండగానే తెంపి ఇంట్లో నీడన పండించుకోండి.

మిరపకు పూత రాలుడు కొంతవరకు ఆపొచ్చు. ప్లానోఫిక్స్ (పూత రాలకుండా వాడే హార్మోను మందు) 1 మి.లీ. నాలుగున్నర లీటర్ల నీటికి, సాయంత్రం, పూత మొదట్లో ఒకసారి, ఇరవై రోజులకు ఇంకోసారి. కొలత మీరితే అదే మందు ఉన్న పూతనూ రాలుస్తుంది. చెంచాలతో అంచనా వేయకండి, సూది లేని సిరంజితో కొలవండి.

మిరప ముడత గురించి మీరు పంపిన వివరణలో ఆకు ఏ వైపు ముడిచిందో లేదు. అదే అన్నిటికంటే ముఖ్యం. అంచులు పైకి లేచి దోనెలా ముడిస్తే తామర పురుగులు. అంచులు కిందికి వాలి, కాడ పొడుగై, ఆకు ఎలుక తోకలా సన్నబడితే తెల్లనల్లి. పొడి వేడి గాలి ఇష్టపడేది తామర పురుగులే, రెండింటి మందులూ వేరు. పై ముడతకు నీలిరంగు జిగురు అట్టలు పది బ్యాగులకు ఒకటి చొప్పున మొక్క కొస ఎత్తులో కట్టి, సీసా మీద 1500 పీపీఎం అని ఉన్న వేపనూనె లీటరుకు 5 మి.లీ. కొన్ని చుక్కల ద్రవ సబ్బుతో కలిపి, ఐదు రోజుల తేడాతో మూడుసార్లు ఆకు అడుగున పడేలా కొట్టండి. కింది ముడతకు నీటిలో కరిగే గంధకం లీటరుకు 3 గ్రాములు. గంధకాన్ని 35 డిగ్రీలు దాటిన రోజుల్లో కొట్టకూడదు, వేపనూనె కొట్టిన రెండు వారాల్లోపు కూడా కొట్టకూడదు, ఆకు మాడిపోతుంది. మే నెలలో ఈ రెండు షరతులూ కుదరడం కష్టం కాబట్టి, అప్పుడు ముడిచిన కొసలు తుంచి కవరులో కట్టి పారేసి, రెండు రోజులకోసారి ఉదయాన్నే ఆకు అడుగు భాగాన్ని నీటి జల్లుతో గట్టిగా కడగడం మేలు. ఎర్రనల్లి కూడా దీనికి తగ్గుతుంది.

నీరు

వేసవిలో పూత మీదున్న 15 అంగుళాల బ్యాగు మొక్కకు రోజుకు సుమారు రెండు మూడు లీటర్లు, ఆకుకూర బ్యాగుకు ఒక లీటరు. ఉదయం ఏడు లోపు మూడింట రెండు వంతులు, సాయంత్రం ఐదున్నర తర్వాత మిగిలింది. మధ్యాహ్నం మిద్దె మీది నల్ల ట్యాంకు నీళ్లు పోస్తే వేళ్లకు వేడినీళ్ల స్నానమే. డ్రిప్ ఉంటే, గంటకు రెండు లీటర్లు వదిలే డ్రిప్పర్ బ్యాగుకు రెండు పెట్టి, ఉదయం అరగంట, సాయంత్రం పావుగంట. నల్ల పైపులో నిలిచిన నీరు సాయంత్రం కూడా వేడిగానే ఉంటుంది. చివరి మూత తీసి ఆ నీళ్లు బయటికి వదిలాకే మొక్కలకు వదలండి.

అన్నిటికంటే పెద్ద మోసం, మధ్యాహ్నం ఆకు వాలడం. బీర, సొర, గుమ్మడి లాంటి వెడల్పాకు మొక్కలు రెండింటికి వాలి ఏడింటికి లేస్తాయి, అది జబ్బు కాదు. సాయంత్రం చూడండి. లేస్తే వదిలేయండి. ఉదయం కూడా వాలి ఉంటేనే కష్టం. అప్పుడు వేలు రెండు కణుపుల లోతుకు గుచ్చండి. పొడిగా ఉంటే నీరు, తడిగా ఉంటే వేరు చెడిందని అర్థం. తడిగా ఉన్నదానికి నీళ్లు పోస్తే చేజేతులా చంపినట్టే.

కోకోపీట్ (కొబ్బరి పీచు పొడి) ఎక్కువున్న మట్టి ఒకసారి పూర్తిగా ఎండితే నీటిని పీల్చుకోదు. పోసిన నీళ్లు బ్యాగు అంచు వెంట జారి అడుగు నుంచి కారిపోతాయి, మనం తడిసిందనుకుంటాం. అనుమానమైతే బ్యాగు ఒక పక్క ఎత్తి బరువు చూడండి. అర లీటరు చొప్పున పది నిమిషాలకోసారి నాలుగుసార్లు పోస్తే మళ్లీ పట్టుకుంటుంది. నీటి తడి ఒక రోజు ఎక్కువ, రెండు రోజులు తక్కువ అయితే టమాటా కాయ అడుగున నల్లటి మచ్చ పడుతుంది. కాల్షియం మట్టిలో ఉన్నా కాయ దాకా చేరకపోవడం వల్ల వచ్చేది అది. గుడ్డు పెంకులు వేస్తే పోదు, నీరు క్రమం తప్పకపోతే పోతుంది.

వాన లెక్క కూడా తెలియాలి. 10 మి.మీ. వాన పడితే 15 అంగుళాల బ్యాగులో పడేది సుమారు 1.1 లీటరు. ఆకులు గుబురుగా ఉంటే అందులో చాలా భాగం బయటికే జారుతుంది. కాబట్టి జూన్‌లో చినుకులు పడ్డాయని డ్రిప్ ఆపేయకండి. రెండు మి.మీ. జల్లు బ్యాగుకు ఒక గ్లాసు నీళ్లు కూడా ఇవ్వదు. నిలువు గోడల డబ్బా ఒకటి మిద్దె మీద పెట్టి, పొద్దున్నే స్కేలుతో కొలవండి, అదే మీ వాన లెక్క.

ముసురు

రోజుకు 100 మి.మీ. వాన పడితే అదే బ్యాగులోకి 11 లీటర్లు దిగాలి, బయటికి పోవాలి. 400 చదరపు అడుగుల మిద్దె మీద ఆ రోజు పడేది 3,700 లీటర్లు. 2020 అక్టోబరు 13న హైదరాబాద్‌లో పడ్డ వాన దీన్ని మించింది. మిద్దె నీరు పోయే తూములో ఎండుటాకులు అడ్డుపడితే మొక్కలు కాదు, ఇల్లే ఇబ్బందిలో పడుతుంది. మే చివరి ఆదివారం తూములకు జాలీలు బిగించి, బకెట్ నీళ్లు పోసి చూడండి.

బ్యాగుకు అడుగు నుంచి ఒక అంగుళం ఎత్తులో, చుట్టూ ఎనిమిది రంధ్రాలు, చిటికెన వేలు పట్టేంత ఉండాలి. ఏడాదిలో వేళ్లు, మట్టి చేరి అవి మూసుకుపోతాయి, పుల్లతో పొడవాలి. కింద పెట్టిన ప్లేట్లు వానాకాలంలో తీసేయండి. అడుగున కంకర పొర వేస్తే నీరు త్వరగా దిగుతుందని చాలామంది చెబుతారు, అది నిజం కాదు. మెత్తటి మట్టి నుంచి గరుకు కంకరలోకి నీరు సులువుగా దిగదు, మట్టి అడుగు పొర నిండేదాకా అక్కడే నిలుస్తుంది. కంకర వేస్తే ఆ తడి పొర వేళ్లకు ఇంకా దగ్గరవుతుంది. గుల్లదనం మట్టి మొత్తంలో ఉండాలి: ఎర్రమట్టి మూడు పాళ్లు, మాగిన పశువుల ఎరువు లేదా వర్మీ కంపోస్టు మూడు పాళ్లు, కోకోపీట్ రెండు, ముతక ఇసుక లేదా కాల్చిన వరి ఊక రెండు. 15 అంగుళాల బ్యాగుకు వేపపిండి 100 గ్రాములు. ట్రైకోడెర్మా (వేరుకుళ్లును అడ్డుకునే మేలు శిలీంధ్రం పొడి) 20 గ్రాములు కిలో మాగిన ఎరువులో కలిపి, తడి గోనె కప్పి వారం ఉంచి, తర్వాత బ్యాగులకు పిడికెడు చొప్పున వేయండి. జూన్‌కు ముందే కుంగిన మట్టిని నింపి, మొదలు దగ్గర ఎత్తుగా, అంచులకు వాలుగా చేయండి. వేసవిలో వేసిన గడ్డి కప్పును జులైలో పలచగా చేయాలి, లేకపోతే నత్తలు, రోకలిబండలు కాపురం పెడతాయి.

వానలు ఆగాక రెండు రోజులు ఏ ఎరువూ వేయకండి. పైమట్టిని పుల్లతో అంగుళం లోతు కదిలించి గాలి ఆడనివ్వండి. తర్వాత కింది ఆకులు పసుపుబారితే నత్రజని కొట్టుకుపోయిందని గుర్తు. 19-19-19 (నత్రజని, భాస్వరం, పొటాష్ సమానంగా ఉన్న ఎరువు) లీటరుకు 5 గ్రాములు ఆకు మీద పిచికారీ చేయండి, సేంద్రియంగానే చేసుకునేవారు వర్మీవాష్ (వానపాముల ఎరువు నుంచి దించిన ద్రవం) ఒక పాలుకు పది పాళ్లు నీళ్లు. వేరు కోలుకోకముందే యూరియా పోయడం వల్ల మేలు లేదు.

ముసురులో పూత నిలిచినా పిందె పడకపోతే తేనెటీగలు రాలేదన్నమాట, ఆ పని మనమే చేయాలి. బీర, సొర పూలు సాయంత్రం విచ్చుకుంటాయి, కాకర, దోస, గుమ్మడి తెల్లవారుజామున. బీరకు ఉదయం వెళ్లి మగపువ్వు రుద్దితే వృథా. సాయంత్రం ఆరింటికి విచ్చిన మగపువ్వు రేకులు తుంచి, పిందె ఉన్న ఆడపువ్వు మధ్యలో మెల్లగా రాసి, రాత్రి వాన వచ్చేలా ఉంటే ఆడపువ్వు మీద చిన్న కాగితం గొట్టం తొడగండి. టమాటా, వంగకు ఉదయం తొమ్మిది, పది మధ్య పూగుత్తిని వేలితో నాలుగుసార్లు తట్టితే చాలు. పందిరి చిక్కుడు జూన్‌లో వేస్తే అక్టోబరు దాకా పూయదని బెంగపడకండి. నాటు రకాలు పగలు పొట్టిగా అయితేనే పూస్తాయి, అందులో వాతావరణం తప్పేమీ లేదు.

కోస్తాలో ఉండే మీ చెల్లెలి తోట గురించి కూడా అడిగారు. అక్కడ భయం అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. 2014 అక్టోబరు 12న విశాఖ దగ్గర హుద్‌హుద్, 2023 డిసెంబరు 5న బాపట్ల దగ్గర మిచౌంగ్ తీరం దాటాయి. తుపాను హెచ్చరిక వచ్చాక చేయాల్సింది వరసగా ఇది: నెట్ పూర్తిగా విప్పి లోపల పెట్టాలి. పెరిగిన కాయలన్నీ, లేతవైనా సరే, తెంపేయాలి, బరువు తగ్గుతుంది. పందిరి తీగలను విప్పడం కుదరదు గనక కొసలు మూడో వంతు కత్తిరించాలి. బ్యాగులను గాలి వచ్చే వైపు పిట్టగోడకు ఆనించి, ఒకే వరసగా చేర్చి చుట్టూ తాడు కట్టాలి. వేలాడే కుండీలు, స్టాండ్లు, ఖాళీ బకెట్లు, రేకు ముక్కలు ఏవీ మిద్దె మీద ఉండకూడదు, అవి ఎగిరితే పక్కింటివాళ్లకు ప్రాణగండం. గాలి మొదలయ్యాక మిద్దె ఎక్కకండి, ఏ మొక్కకూ అంత విలువ లేదు. తీరానికి దగ్గరైతే తుపాను తగ్గిన మర్నాడే ఆకులను మంచినీటితో కడగాలి, ఉప్పు గాలికి అంచులు మాడతాయి.

చలికాలం మనకు పెద్ద గండం కాదు. రాత్రి 15 లోపుకు దిగితే బెండ, బీర ఎదుగుదల ఆపేస్తాయి, వాటికి ఎరువు పెంచడం దండగ. నీళ్లు మాత్రం సాయంత్రం కాకుండా ఉదయం తొమ్మిది తర్వాత పెట్టండి. ఆకు మీద తెల్లటి బూడిద కనిపిస్తే గంధకం లీటరుకు 3 గ్రాములు ఇప్పుడు నిర్భయంగా వాడొచ్చు, లేదా పుల్లటి మజ్జిగ ఒక పాలుకు తొమ్మిది పాళ్లు నీళ్లు వారానికోసారి.

రకాల్లో, టమాటాకు బెంగళూరు దగ్గరి హెసరఘట్టలోని భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థ విడుదల చేసిన ఆర్క రక్షక్ మంచిది, ఆకుముడత వైరస్‌నూ బ్యాక్టీరియా ఎండు తెగులునూ తట్టుకుంటుంది. బెండకు అదే సంస్థ రకం ఆర్క అనామిక. వాతావరణం కోసం ఫోన్‌లో మేఘదూత్ యాప్ పెట్టుకోండి, మంగళ, శుక్రవారాల్లో మీ జిల్లాకు ఐదు రోజుల అంచనా, పంటల సలహా తెలుగులోనే ఇస్తారు. అందులో గాలి వేగం గడి ముందు చూడండి, వాన గడి తర్వాత. నెట్ తీయాలా వద్దా అన్నది గాలే చెబుతుంది.

చివరగా చనిపోయిన ఐదు వంగ బ్యాగుల మట్టి. మళ్లీ మొక్క వాడితే, పీకేముందు కాండాన్ని మొదలు దగ్గర కోసి, గాజు గ్లాసు నీళ్లలో ఐదు నిమిషాలు నిలబెట్టండి. కోసిన చోటు నుంచి పాల లాంటి తెల్లటి దారం దిగితే బ్యాక్టీరియా ఎండు తెగులు. దిగకుండా, మొదలు బెరడు నల్లగా మెత్తబడి జారిపోతే వేరుకుళ్లు. వేరుకుళ్లు ఇప్పుడిప్పుడే మొదలైన మొక్కకు కాపర్ ఆక్సీక్లోరైడ్ లీటరుకు 3 గ్రాములు కలిపి మొదట్లో పోస్తే కొన్ని బతుకుతాయి. ట్రైకోడెర్మా వేసి ఉంటే రెండు వారాల ఎడం ఇవ్వండి, ఈ మందు దాన్నీ చంపుతుంది. ఎండు తెగులు అయితే ఏ మందూ లేదు. ఆ ఐదు బ్యాగుల్లో ఈ ఏడాది టమాటా, వంగ, మిరప వేయకండి, తోటకూర వేసుకోండి. ఏప్రిల్ వచ్చాక ఆ మట్టిని పాలిథిన్ మీద ఐదంగుళాల మందాన పరిచి, బాగా తడిపి, పైన పారదర్శకమైన ప్లాస్టిక్ కప్పి అంచులు ఇటుకలతో మూసి ఆరు వారాలు ఎండకు వదిలేయండి. నల్ల ప్లాస్టిక్ కప్పితే ఆ వేడి మట్టిలోకి దిగదు. జూన్‌లో విప్పాక తాజా ఎరువు, ట్రైకోడెర్మా కలిపి మళ్లీ నింపుకోవచ్చు, అప్పుడు కూడా మొదటి పంట బీరో కాకరో అయితే మంచిది.